పులిరాజా చెప్పని సంగతి

*హెచ్‌ఐవీ మందుల ముడిసరుకు విశాఖ శివార్లలోనే తయారవుతోంది. అదే ఊళ్లో, మగవాణ్ని ప్రేమించిన ఒక మగవాడు ఆ మందు దాకా చేరేసరికి సగం జీవితం గడిచిపోయింది. ఈలోగా ఆ జబ్బు నింద మరొకరి నెత్తిన పడింది.*

గాజువాక జంక్షన్‌లో రాత్రి పదిన్నర దాటింది. స్టీల్‌ప్లాంటులో బీ షిఫ్టు దిగిన కాంట్రాక్టు కార్మికులు బస్సు కోసం నిలబడ్డారు. చొక్కాల మీద ఎర్రటి ఖనిజం దుమ్ము, చేతుల్లో ఖాళీ క్యారేజీలు. రోడ్డుకు అవతల పెద్ద హోర్డింగు. దాని మీద ఒకే ఒక్క ప్రశ్న: 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?'

ఎవరీ పులిరాజా? 2000ల తొలినాళ్లలో రాష్ట్రమంతా అడిగిన ప్రశ్న అది. టీకొట్టు దగ్గర, కాలేజీ క్యాంటీన్‌లో, పెళ్లి పందిట్లో అదే మాట. ఆ రాత్రి బస్టాపులోనూ ఒకడు అందుకున్నాడు. "ఇంకెవర్రా, మన మేస్త్రీయే!" అందరూ పగలబడి నవ్వారు. వాళ్లలో పాతికేళ్ల కుర్రాడొకడు అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ ప్రశ్న చూసి అతనికి భయం వేయలేదు సరికదా, గుండె తేలికపడింది. పులిరాజా ఆడవాళ్ల వెంట తిరిగే మనిషి. తను ఏనాడూ ఏ ఆడమనిషి గడపా తొక్కలేదు. తను వెళ్లేది పోర్టులో పనిచేసే స్నేహితుడి గదికి. ఇక ఈ జబ్బుతో తనకేం పని?

ఆ కుర్రాడికి ఈ కథనంలో పేరు లేదు, అతను ఒక్కడు కాదు కనక. ఇలా బతికినవాళ్ల జీవితాల్లో పదేపదే ఎదురయ్యే మలుపుల్ని ఒకచోట చేర్చి గీసిన రూపం అతను. అతని తల్లి, భార్య కూడా అంతే. మిగతా పేర్లు, తేదీలు, అంకెలు మాత్రం అసలువే.

మందు ఇక్కడిదే

హెచ్‌ఐవీ మాట మళ్లీ వార్తల్లోకి రావడానికి కారణం రెండు హైదరాబాద్ కంపెనీలు. లెనకాపవిర్ అని ఓ కొత్త మందు వచ్చింది. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ చేయించుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడుతుంది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. దాన్నే 2027 నుంచి వర్ధమాన దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు, అంటే సుమారు మూడున్నర వేల రూపాయలకు ఇస్తామని 2025 సెప్టెంబరులో హెటిరో, డాక్టర్ రెడ్డీస్ ప్రకటించాయి.

ఇలా ధరలు విరగ్గొట్టడం మనవాళ్లకు కొత్త కాదు. 2000 ప్రాంతంలో మూడు మందుల చికిత్సకు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. 2001లో సిప్లా అధినేత యూసుఫ్ హమీద్ అదే చికిత్సను 350 డాలర్లకు ఇస్తానని ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశాడు. ఆ తర్వాత తెలుగు కంపెనీల వంతు వచ్చింది. 2017లో మూడు మందులు కలిసిన ఒకే మాత్రను ఏడాదికి 75 డాలర్లకే ఇవ్వడానికి ఒప్పుకున్న రెండు సంస్థల్లో అరబిందో ఒకటి. చావా సత్యనారాయణ స్థాపించిన లారస్ ల్యాబ్స్‌కు పరవాడలో, హెటిరోకు నక్కపల్లిలో ప్లాంట్లున్నాయి. ఈ రెండూ నిన్నమొన్నటి దాకా విశాఖ జిల్లాలోవే, ఇప్పుడు అనకాపల్లి జిల్లా కింద లెక్క. ఆఫ్రికాలో ఏ పల్లెటూరి క్లినిక్‌లోనో ఒక తల్లి మింగే మాత్రలో మన సముద్రపు గాలి తగిలిన పొడి ఉండే అవకాశం బాగానే ఉంది.

అంత దగ్గర్లో మందు ఉండీ ఆ గాజువాక కుర్రాడికి అందలేదు. అది ధర వల్ల జరిగింది కాదు.

లారీ బొమ్మ, ఆడమనిషి బొమ్మ

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక వేసింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని, వాళ్లంతా స్వలింగ సంపర్కులని దాని సారాంశం. అక్కడ ఈ జబ్బు మొదటి అడుగులోనే గే మగవాళ్ల పేరుతో ముడిపడిపోయింది. ఆ ముద్ర వాళ్లను కాల్చుకు తింది. అయితే ఆ ముద్ర వల్లే వాళ్లు ఒకరికొకరు తోడై రోడ్డెక్కారు, మందుల కోసం కొట్లాడారు.

మన దేశంలో కథ వేరే దారి పట్టింది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి సెక్స్ వర్కర్ల నుంచి సేకరించిన రక్త నమూనాల్లో తొలిసారి హెచ్‌ఐవీ బయటపడింది. ఇక అప్పటినుంచి మన పోస్టర్లలో రెండే బొమ్మలు: ఒక లారీ, ఒక ఆడమనిషి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, కోల్‌కతా–చెన్నై హైవే మూడూ కలిసే విశాఖలో ఆ బొమ్మలు బాగా అతికాయి కూడా. మగవాడి దగ్గరికి వెళ్లే మగవాడు ఆ పోస్టర్లో ఎక్కడా లేడు. కాబట్టి ఆ జబ్బు ఆడవాళ్ల దగ్గరే ఉంటుందని అతను నమ్మాడు. ఆ నమ్మకం ప్రాణాలు తీసింది.

పులిరాజా ప్రచారాన్ని తక్కువ చేయడానికి లేదు. కండోమ్ అన్న మాట పలకడానికే సిగ్గుపడే రోజుల్లో దాన్ని ఇంటింటి కబురు చేసింది. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో దాదాపు ఒక శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. అంత పెద్ద ముప్పుకు అంత గట్టి ప్రచారం అవసరమే. కాకపోతే హోర్డింగు వేసినవాళ్లకు తెలియని లెక్క ఇంకొకటి ఉంది. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన దండోనా బృందం, మగవాళ్లతో సంబంధాలున్న ఆరు వేలమందికి పైగా మగవాళ్లను మన రాష్ట్రంలో కలిసి మాట్లాడింది. 2005లో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లలో నూటికి 42 మంది పెళ్లయినవాళ్లు. సగం మంది అంతకుముందు మూడు నెలల్లో ఆడవాళ్లతోనూ కలిశారు.

ఆ నలభై రెండు మంది ఇళ్లలో ఏం జరుగుతోందో ఏ పోస్టరూ అడగలేదు.

> గుంటూరు దిద్దిన లెక్క
> దేశంలో 50 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీ ఉందని 2005–06 నాటి అంచనా. ఆస్పత్రులకు వచ్చినవాళ్ల రక్తం చూసి కట్టిన లెక్క అది. దండోనా బృందమే గుంటూరు జిల్లాలో ఊళ్లకు వెళ్లి 12 వేలమందికి పైగా మామూలు జనం రక్తం పరీక్షించి, పాత పద్ధతి జబ్బును రెట్టింపుకు పైగా చేసి చూపిస్తోందని 2006లో తేల్చింది. కుటుంబ ఆరోగ్య సర్వే కూడా తోడవడంతో 2007లో కేంద్రం జాతీయ అంచనాను సుమారు 25 లక్షలకు దించింది.
> 2017 నిఘా సర్వేలో దేశంలో గర్భిణుల్లో హెచ్‌ఐవీ 0.28 శాతం. మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లలో 2.69 శాతం. దాదాపు పది రెట్లు.

జేబులో కండోమ్, ఎదురుగా పోలీసు

మగవాడి నుంచీ జబ్బు సోకుతుందని మనవాడికి ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. చెప్పేవాళ్లు లేకపోలేదు. బిల్ గేట్స్ సంస్థ డబ్బుతో 2003లో మొదలైన 'ఆవాహన్' పథకం కోస్తా జిల్లాల్లో పీర్ ఎడ్యుకేటర్లను నియమించింది. వాళ్లు సాయంత్రాలు పార్కుల్లో, బీచ్‌లో, బస్టాండ్ల వెనక తిరిగి కండోమ్‌లు పంచేవాళ్లు. తమలాంటి వాళ్లతోనే మాట్లాడేవాళ్లు కాబట్టి నమ్మకం కుదిరేది. కానీ వాళ్ల వెనకే చట్టమూ నడిచేది.

1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ప్రకారం మగవాళ్ల మధ్య శృంగారం నేరం. పదేళ్ల దాకా, ఒక్కోసారి యావజ్జీవం జైలు. ఆ సెక్షన్ కింద కోర్టు దాకా వెళ్లిన కేసులు తక్కువే. స్టేషన్ బయటే తేలిపోయిన బేరాలు ఎన్నో ఎవరు లెక్కపెట్టారు? జేబులో కండోమ్ దొరికితే అదే సాక్ష్యమని బెదిరించిన ఉదంతాలు దేశమంతటా నమోదయ్యాయి. 2001 జులైలో లక్నోలో ఎయిడ్స్ నివారణ పని చేస్తున్న ఆరిఫ్ జాఫర్‌నూ సహచరులనూ అరెస్టు చేశారు. 47 రోజులు జైల్లో ఉన్నారు. అంతకుముందు 1994లో తీహార్ జైల్లో ఖైదీలకు కండోమ్‌లు ఇవ్వడానికి కిరణ్ బేడీ ఒప్పుకోకపోతే, ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే చిన్న బృందం 377 మీద ఢిల్లీ హైకోర్టుకెక్కింది.

అన్నిటికన్నా విచిత్రం ఆ తర్వాత జరిగింది. నాజ్ ఫౌండేషన్ అనే సంస్థ ఢిల్లీ హైకోర్టులోనే వేసిన కేసులో కేంద్ర హోంశాఖ 377 ఉండాల్సిందే అంది. అదే కేంద్రానికి చెందిన ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మాత్రం 2006లో, ఈ చట్టం వల్ల మనుషులు దాక్కుంటున్నారు, మా పని సాగట్లేదు అని అదే కోర్టులో అఫిడవిట్ వేసింది. ఒకే సర్కారు, రెండు నాలుకలు. 2009లో హైకోర్టు ఆ నేరాన్ని కొట్టేసింది, 2013లో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది, 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీసేశారు. ఆ చివరి విడత పిటిషనర్లలో గౌతమ్ యాదవ్ అనే ఢిల్లీ యువకుడు ఉన్నాడు. గే అని, హెచ్‌ఐవీ ఉందని రెండు మాటలూ తన సొంత పేరుతో చెప్పుకొని కోర్టు మెట్లెక్కినవాడు. ఐఐటీల్లో చదివిన ఇరవై మంది వేసిన పిటిషన్‌కు పొక్కులూరి అన్వేష్ పేరే ముందుంది.

మనవాడు ఆ తీర్పును టీవీలో చూశాడు. అప్పటికి అతను తండ్రి.

"కూడెవులు పెడతారు?"

పోర్టు స్నేహితుడు ముందు వెళ్లిపోయాడు. ఉచిత మందులింకా రాని రోజులవి. దగ్గు, జ్వరం, నోట్లో పూత, బెల్టుకు కొత్త రంధ్రాలు. ఇంట్లోవాళ్లు అడిగినవాళ్లకు కామెర్లని చెప్పారు. జ్ఞానాపురం శ్మశానంలో మనవాడు పది మంది స్నేహితుల్లో ఒకడిగా నిలబడ్డాడు. కళ్లనీళ్లు పెట్టుకోవడానికి అతనికి వరస కలవదు. ఇంటికొచ్చి స్నానం చేసి సీ షిఫ్టుకు వెళ్లిపోయాడు.

అప్పుడు తెలిసిందా తనకూ వచ్చి ఉండొచ్చని? తెలిసింది. ఆరోజు నుంచి అద్దంలో నాలుక చూసుకోవడం అలవాటైంది. పరీక్షకు మాత్రం వెళ్లలేదు. 2004 ఏప్రిల్ 1న ఎంపిక చేసిన ప్రభుత్వాస్పత్రుల్లో ఉచిత హెచ్‌ఐవీ చికిత్స (ఏఆర్‌టీ) మొదలైంది. ఆ వార్త పేపర్లో చదివి మడిచి పక్కన పెట్టాడు.

ఇంట్లో మరో పోరు. అతని తండ్రి స్టీల్‌ప్లాంటు కోసం భూమి ఇచ్చిన నిర్వాసితుడు, ఉద్యోగం కోసం ఎదురుచూసి చూసి పోయాడు. తల్లికి మిగిలిన ఆశ ఒక్కటే. "ఒరే, నీ తోటోళ్ల పిల్లలు బడికెల్తన్నారు. నాను పోయినాక నీకు కూడెవులు పెడతారు?" రోజూ ఇదే. ఆమె కన్నీళ్ల ముందు ఏ జవాబూ నిలబడదు. చీపురుపల్లి వైపు సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో అమ్మాయి తలెత్తి చూసింది, ఇతను చూడలేదు. సిగ్గరి కుర్రాడు, మంచివాడన్నారు అటువాళ్లు.

ఇక్కడ అతన్ని వెనకేసుకు రావడం సులువు. సమాజం ఒత్తిడి, తల్లి కన్నీళ్లు, చట్టం భయం అని జాబితా చదవొచ్చు. అవన్నీ నిజమే. అయినా అనుమానం ఉన్న ఒంటితో, పరీక్ష చేయించుకోకుండా, ఒక ఇరవయ్యేళ్ల పిల్ల మెడలో మూడు ముళ్లు వేశాడు. ఆ పిల్లకు ఈ కథలో ఏ ఎంపికా లేదు. గే మగవాళ్ల కష్టాల గురించి రాసేటప్పుడు ఈ ఆడవాళ్లు పేరా చివర ఒక వాక్యంగా వచ్చి పోతుంటారు. నిజానికి కథ సగం వాళ్లది.

ముందు ఆమె పేరు బయటికొచ్చింది

హెచ్‌ఐవీ విషయంలో మన దేశంలో తరచూ జరిగేది ఇది: జబ్బు మగవాడి ద్వారా వస్తుంది, కాగితం మీద మాత్రం ముందు ఆడదాని పేరు పడుతుంది. కారణం చాలా మామూలుది. మగవాడు పరీక్షకు పోడు. గర్భిణికి పరీక్ష తప్పదు.

మనవాడి భార్యకు అయిదో నెలలో రక్తం తీశారు. పాజిటివ్. కౌన్సెలర్ ఆమెను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది, భర్తను తీసుకురమ్మంది. ఆ రోజుల్లో తల్లికి నొప్పులొచ్చినప్పుడు ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టగానే బిడ్డకు కొన్ని చుక్కలు. బిడ్డకు సోకలేదని తేలాలంటే పద్దెనిమిది నెలలు ఆగాలి. తల్లికి రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు 200కు పైనే ఉన్నాయి కాబట్టి అప్పటి నిబంధనల ప్రకారం ఇంకా మందులివ్వరు. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి.

సంగతి అత్తగారికి తెలిసింది. ఎలా తెలిసిందో అనవసరం, కాగితాలు ఇళ్లలో దాగవు. "మా ఇంట నేని రోగం. నీ పుట్టింటికాడ నుంచి తెచ్చినావు" అంది. పళ్లెం, గ్లాసు వేరు చేసింది. పెళ్లికి ముందు ఎవరితోనో తిరిగిందన్న మాట పుట్టింది. అది పుట్టింటిదాకా పాకింది. అన్నగారు రావడం మానేశాడు.

అతను అన్నీ విన్నాడు. అన్నం తిన్నాడు. డ్యూటీకి వెళ్లాడు. ఎప్పుడో ఒకరోజు కౌన్సెలర్ మొహమాటం లేకుండా అడిగింది.

"బాబూ, మీరెప్పుడు చేయించుకుంటారు పరీక్ష?"

"చేయించుకుంటానండి. షిఫ్టులు కుదరట్లేదు."

"బయట ఎవరితోనైనా సంబంధాలున్నాయా? నాకు చెప్తే ఇంకెవరికీ తెలీదు."

"ఆడోళ్లతోనా? లేవండి."

అబద్ధం కాదది. అడగాల్సిన ప్రశ్న ఆమె అడగలేదు, అడగాలని ఆమెకు తట్టలేదు.

లేని ఆడదాని మీద నేరం

అయిదేళ్ల తర్వాత అతన్ని మంచం మీద పడేసింది టీబీ. మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా పట్టుకునేది అదే. కళ్లె పరీక్షతో పాటు ఈసారి రక్తపరీక్షా తప్పలేదు. సీడీ4 నూరు కూడా లేదు. ఆరోగ్యవంతుడికి అయిదు వందల పైన ఉండాలి.

అప్పుడు భార్య అడిగింది, ఎవరి దగ్గరికెళ్లావని. అతను ఒక కథ చెప్పాడు. పెళ్లికి ముందు, స్నేహితులతో కలిసి, ఒక్కసారి, హైవే మీద ఒక ఆమె. కళ్లు దించుకుని చెప్పాడు. ఆమె ఏడ్చింది, తిట్టింది, వారం మాట్లాడలేదు. తర్వాత జావ కాచి తెచ్చింది. మగాడన్నాక తప్పు చేస్తాడు, ఏం చేస్తాం అంది ఇరుగమ్మ. తల్లి కూడా మెత్తబడింది. కొడుకు తప్పు చేసి ఉండొచ్చు గానీ వయసులో చేసిన తప్పు కదా.

ఈ కథంతటిలో నన్ను ఎక్కువగా ఆపేసే చోటు ఇదే. పులిరాజాకు మన ఇళ్లలో క్షమాపణ సిద్ధంగా ఉంది. ఎన్నడూ లేని ఆడమనిషితో చేయని తప్పును ఒప్పుకుంటే జావ దొరికింది. నాలుగేళ్లు ఒక గదిలో పంచుకున్న ప్రేమకు మాత్రం ఏ ఇంట్లోనూ మన్నింపు లేదు. కాబట్టి అతను పులిరాజా వేషం కట్టాడు. ఆ వేషంలో అతనికి గౌరవం కూడా మిగిలింది. పోర్టు స్నేహితుడి పేరు మాత్రం రెండోసారి చచ్చిపోయింది.

కేజీహెచ్ మెట్ల మీద

1923 నుంచి ఉత్తరాంధ్రకూ పక్కనున్న ఒడిశా జిల్లాలకూ పెద్ద దిక్కు కింగ్ జార్జి ఆస్పత్రి. అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది బాధ జబ్బు గురించి కాదు, వరసలో తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని. ఇదొక్క ఊరి సంగతి కూడా కాదు. ఒక జిల్లా వాళ్లు ఇంకో జిల్లాకు వెళ్లి మందులు తెచ్చుకోవడం, డబ్బా మీది కాగితం చింపేసి షుగర్ మాత్రలని చెప్పడం ఎక్కడైనా మామూలే. రాష్ట్ర ప్రభుత్వం ఏఆర్‌టీ వాడేవారికి ఇచ్చే పింఛను 2024లో నెలకు 4 వేలైంది. పేరు రాయించుకోవాలన్న భయంతో దాన్నీ వదులుకునేవాళ్లు ఉంటారు.

మొదట ఇచ్చిన మాత్రల్లో ఎఫావిరెంజ్ ఉండేది. రాత్రి వేసుకుని పడుకోవాలి. తల తిరుగుతుంది, వింత కలలొస్తాయి. సీ షిఫ్టు మనిషి ఎప్పుడు పడుకుంటాడు? బ్లాస్ట్ ఫర్నేస్ పక్కన తల తిరిగితే ఏమవుతుంది? సూపర్‌వైజర్‌కు చెబితే గేట్ పాస్ పోతుందేమో. చట్టం తెలిసుంటే కొంత ధైర్యం ఉండేది. హెచ్‌ఐవీ ఉందని పోలీసు ఉద్యోగం నిరాకరించిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2006లోనే అభ్యర్థి పక్షాన తీర్పిచ్చింది. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైన హెచ్‌ఐవీ చట్టం ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదంది.

ఆ తర్వాత మందులు మెరుగయ్యాయి. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా పాజిటివ్ అని తేలిన వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. గత అయిదారేళ్లలో ఎఫావిరెంజ్ పోయి డోలుటెగ్రవిర్ వచ్చింది. కలలు ఆగాయి. భార్యాభర్తలిద్దరిదీ ఇప్పుడు ఒకే మాత్ర, ఒకే డబ్బా. ఇద్దరి రక్తంలోనూ వైరస్ పరీక్షకు అందనంత తగ్గిపోయింది. కూతురికి నెగెటివ్ అని ఎప్పుడో తేలింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

> 782 జంటలు, ఒక సున్నా
> ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, మరొకరికి లేని 782 మగ జంటలను ఐరోపాలో ఏళ్ల తరబడి గమనించారు. పాజిటివ్ ఉన్నవాళ్లు క్రమం తప్పక మందులు వాడి వైరస్‌ను అదుపులో ఉంచుకున్నారు. 76 వేలకు పైగా సార్లు కండోమ్ లేకుండా కలిసినా ఆ భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. 2019లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలు అచ్చేసింది.
> రక్తదానం: 377 పోయినా, 2017 నాటి రక్తదాన మార్గదర్శకాలు మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లను, ట్రాన్స్‌జెండర్లను దాతలుగా ఒప్పుకోవు. దీనిపై 2021లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది.
> సందేహాలకు: జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097. ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు.

ఎలా వచ్చిందని అడిగితే

జబ్బు అదుపులోకి వచ్చాక గతం మీద పడుతుంది. చచ్చిపోతానన్న భయంలో ఉన్నన్నాళ్లూ దానికి చోటు దొరకదు.

ఎవరి నుంచి ఎవరికి అన్న ఆరా ఎంత క్రూరంగా మారగలదో ప్రపంచం ఒకసారి చూసింది. కెనడాకు చెందిన ఒక విమాన ఉద్యోగి, గే, అమెరికాకు ఎయిడ్స్ తెచ్చిన మొదటి మనిషని ముప్పై ఏళ్లు పేరు మోశాడు. 1984లోనే పోయిన ఆ మనిషి అది కాదని చెప్పుకోలేడు. పాత రక్త నమూనాల్లోని వైరస్ జన్యువులను చదివి, అతనికన్నా ఎంతో ముందే, 1970 ప్రాంతంలోనే న్యూయార్క్‌కు అది చేరిందని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. మన గోవాలో 1989లో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేయబోతే హెచ్‌ఐవీ బయటపడింది. పోలీసులు తీసుకెళ్లి, పాడుబడ్డ టీబీ శానిటోరియంలో 64 రోజులు కాపలా పెట్టి ఉంచారు. అతను విడుదలై, తనలాంటి వాళ్ల కోసం సంస్థ పెట్టి, 1992లో పోయాడు. ఆ జీవితం స్ఫూర్తితో 2005లో ఓనిర్ తీసిన 'మై బ్రదర్ నిఖిల్' సినిమాలో కథానాయకుడు గే. నాన్న తలుపు మూసేస్తే అక్క తోడు నిలబడుతుంది.

జబ్బు ఎలా వచ్చిందన్న ప్రశ్న జోలికి 2017 చట్టం పోలేదు. పాజిటివ్ ఉన్న మనిషి అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదంది. భాగస్వామికి ముప్పు ఉన్నప్పుడు మాత్రం, ముందు ఆ మనిషికి కౌన్సెలింగ్ చేసి, చెప్పమని ప్రోత్సహించి, అయినా చెప్పడని తేలితే, ముందుగా అతనికి తెలియజేసి, డాక్టరో కౌన్సెలరో భాగస్వామికి చెప్పొచ్చు. చట్టం లెక్కలో మనవాడు బాకీ తీర్చేసినట్టే. భార్యకు జబ్బు సంగతి తెలుసు, మందులు వాడుతున్నారు, ఇంకెవరికీ ముప్పు లేదు. పోర్టు స్నేహితుడి సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

అయినా చెప్పాడు. తల్లి పోయిన ఏడాది చెప్పాడు. అంతకుముందు చెప్పలేకపోయాడంటే ఆ తల్లి కోసం కొంత, తన కోసం చాలా. టీవీలో సుప్రీంకోర్టు వార్త వస్తోంది. 2023 అక్టోబరు, స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమని తీర్పు. పిటిషన్ వేసినవాళ్లలో హైదరాబాద్‌లో కలిసి బతుకుతున్న సుప్రియో, అభయ్ ఉన్నారు. కూతురు హాస్టల్లో ఉంది. ఇంట్లో ఇద్దరే.

స్నేహితుడి పేరు చెప్పాడు. హైవే మీద ఆమె ఎవరూ లేదని చెప్పాడు. భార్య చాలాసేపు ఏమీ అనలేదు. అతను ఊహించుకున్న మాటలు, ఇరవయ్యేళ్లుగా రిహార్సల్ చేసుకున్న తిట్లు ఒక్కటీ ఆమె నోట రాలేదు. మగవాడా ఆడదా అన్నది ఆమెకు రెండో సంగతి. ఆ కోపం తర్వాత వచ్చింది, ఇంకా పోలేదు. ముందు అడిగింది మాత్రం వేరు.

"మీయమ్మ నన్నన్నేసి మాటలంతంటే నువ్వు నోట్లో ఏటెట్టుకున్నావు? నా పళ్లెం ఏరు సేసినప్పుడు నువ్వు పక్కనే కూకుని తిన్నావు."

అతని దగ్గర జవాబు లేదు. తల్లి లేదు, ఆ పళ్లెం ఎక్కడుందో కూడా తెలీదు. కానీ ఆమె అన్న ఉన్నాడు. ఇప్పటికీ చెల్లెలి ఇంట మంచినీళ్లు ముట్టడు.

"సీపురుపల్లెల్లి మాయన్నకి సెప్పు. ఆ కుర్రోడి సంగతి సెప్పకపోతే మానె. రోగం నాది కాదు, నువ్వు తెచ్చినావని సెప్పు. నాను పక్కనుండగా సెప్పాల."

వెళ్దామన్నాడు. రెండేళ్లయింది. ఇంకా వెళ్లలేదు.